పామర్రులో పెట్టిన సభ

కాలేజీ హాలు ఇవ్వడానికి సెక్రటరీగారు రెండు షరతులు పెట్టారు. వేదిక మీద తమ కాలేజీ బ్యానరు ఒక్కటే ఉండాలి. ఉపన్యాసాలన్నీ ఇంగ్లీషులోనే జరగాలి.

"మొదటిదానికి సరేనండి. రెండోది కుదరదు," అంది వినీల. "తెలుగులో ఓపెన్ సోర్స్ సభ అని అందరికీ చెప్పుకున్నాం."

"సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో మాట్లాడితే ఎవరికి లాభమమ్మా? మా పిల్లలకి ఉద్యోగాలు రావాలి."

వినీల నమస్కారం పెట్టి లేచింది. వరండాలోకి వచ్చి ఫోనులో తేదీ చూసుకుంది. సభకు ఇక మూడు వారాలే ఉంది. హైదరాబాదు, బెంగళూరు నుంచి రావలసినవాళ్ళు అప్పటికే టికెట్లు కొనుక్కున్నారు.

ఆమె బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంపెనీలో ప్రోగ్రామరు. ఆఫీసు పని అయ్యాక స్నేహితులతో కలిసి తెలుగువాళ్ళు ఉచితంగా వాడుకునే ప్రోగ్రాములు తయారు చేస్తుంటుంది. ఆ స్నేహితుల్లో ఒకడైన పవన్‌కుమార్ కాలేజీ మెట్ల కింద బైకు మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"బెజవాడలో ఇప్పుడు మనకి హాలు ఎవరిస్తారు? అన్నీ పెళ్ళిళ్ళకి అయిపోయాయి."

"మా ఊళ్ళో చర్చి హాలుంది."

"పామర్రా? అంతదూరం ఎవరొస్తారు వినీలా?"

"బస్సు పెడితే వస్తారు. అడిగి చూద్దాం," అంది. అన్నదే గానీ ఆమెకూ నమ్మకం లేదు.

ఆ ఆదివారం పామర్రు వెళ్ళి తండ్రికి విషయం చెప్పింది. మరియదాసు కౌలుకు వరి పండిస్తాడు, చర్చి కమిటీలో సభ్యుడు. కూతురు జీతం లేని పని ఎందుకు నెత్తిన వేసుకుంటుందో ఆయనకు ఏనాడూ అర్థం కాలేదు.

"కమిటీలో అడుగుతారు. నేనేం చెప్పాలి? ముందు నాకు అర్థమయ్యేలా చెప్పు," అన్నాడు.

"ఒకళ్ళు రాసింది దాచుకోకుండా అందరి ముందూ పెడతారు నాన్నా. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు. కావాలంటే ఎవరైనా వాడుకోవచ్చు."

"నువ్వు రాసింది ఇంకోళ్ళు దిద్దితే నీకు కోపం రాదా?"

"మొదట్లో వచ్చేది. ఇప్పుడు సంతోషమేస్తుంది. నేను రాసింది ఎవరో అంత శ్రద్ధగా చదివారని."

మరియదాసు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, అడుగుతాలే," అన్నాడు.

కమిటీలో ఏం జరిగిందో వినీలకు తల్లి తెరేసమ్మ ఫోనులో చెప్పింది. "చర్చి హాల్లో కంప్యూటర్ల గోలేంటని ఇద్దరు ముగ్గురు గొణిగారంట. మీ నాన్న లేచి, 'తెలుగు వదలనన్నందుకు నా కూతురికి పట్నంలో హాలు పోయింది. మనమూ లేదందామా?' అన్నాడంట. ఫాదర్‌గారు నవ్వి తాళాలు చేతికిచ్చేశారు. వంట మేం ఆడవాళ్ళం చూసుకుంటాంలే."

సభ రోజు తెల్లవారుతూనే వాన పట్టుకుంది. ఆటోనగర్‌లో మాట్లాడిన రెండు బస్సులూ బెంజ్ సర్కిల్ నుంచి సమయానికే బయలుదేరాయి గానీ, ఉయ్యూరు దాటాక రోడ్డుకు అడ్డంగా లారీ దిగబడిందని పవన్‌కుమార్ ఫోను చేశాడు. మొదట మాట్లాడవలసిన సింధూరి కూడా అతను ఎక్కిన బస్సులోనే ఉంది. తెలుగులో అచ్చుతప్పులు పట్టే ప్రోగ్రామును నడిపించేది ఆమే.

హాల్లో ఊరి డిగ్రీ కాలేజీ అమ్మాయిలు ముందు వరసల్లో కూర్చున్నారు. వెనక వంట చేస్తున్న ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ తొంగి చూస్తున్నారు. మిగతా కుర్చీలన్నీ ఖాళీ.

"ఆపుదామా అమ్మా, వాళ్ళొచ్చేదాకా?" అన్నాడు మరియదాసు.

"వీళ్ళు వచ్చారు కదా నాన్నా," అని వినీల మైకు తీసుకుంది.

సింధూరి ప్రోగ్రామును తెర మీద తనే తెరిచింది. "మీరు ఇంట్లో వాడే మాట ఏదైనా చెప్పండి. దీనికి తెలుసో లేదో చూద్దాం."

అమ్మాయిలు సిగ్గుపడ్డారు. వెనక నుంచి తెరేసమ్మ, "ఆకుమడి," అంది.

వినీల టైపు చేసింది. మాట కింద ఎర్రగీత పడింది.

"అదేంటి! పొలంలో నారు పోసేది అందులోనేగా! తప్పంటుందే?" తెరేసమ్మకు రోషం వచ్చింది. హాలంతా నవ్వింది.

"తప్పు కాదమ్మా, దానికి ఎవరూ చెప్పలేదంతే. ఇప్పుడు మనం చెబుదాం." ముందు వరసలోంచి కృప అనే అమ్మాయిని పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. మాట, అర్థం, చెప్పినవారి పేరు ఎక్కడ రాయాలో చూపించింది. కృప తడుముకుంటూ రాసి పంపింది. ఆ తర్వాత మాటలు ఆగలేదు. అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. వంటావిడలు గరిటెలు పట్టుకునే అరిచి చెబుతున్నారు.

బస్సులు వచ్చేసరికి హాలు సంతలా ఉంది. ప్యాంట్లు మోకాళ్ళదాకా తడిసిన వాళ్ళు లోపలికి రాబోయి గుమ్మంలోనే నిలబడిపోయారు. సింధూరి ల్యాప్‌టాప్ తెరిచి, వచ్చిన మాటలు ఒక్కొక్కటే చదివింది. రెండింటి అర్థాలు సరిచేయించి, తక్కినవి అలాగే తీసుకుంది. తర్వాత తెర మీద ఆకుమడి మళ్ళీ టైపు చేసింది. ఎర్రగీత పడలేదు. పక్కన 'తెరేసమ్మ, పామర్రు' అని కనిపించింది.

చప్పట్లు మోగాయి. తెరేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రందాకా ఉపన్యాసాలు తెలుగులోనే సాగాయి. బెంగళూరు నుంచి వచ్చినతను మధ్యలో మాట దొరక్క ఆగితే, ముందు వరసల్లోంచి అమ్మాయిలు అందించారు. పప్పుచారు రెండోసారి వేయించుకోనివాళ్ళు లేరు.

బస్సులు వెళ్ళిపోయాక వినీల గుమ్మం దగ్గర కూర్చుంది. గొంతు పూర్తిగా పోయింది. లోపల కుర్చీలు సర్దుతూ మరియదాసు ఫాదర్‌గారికి ఏదో వివరిస్తున్నాడు.

"దాచుకోరండి. అందరి ముందూ పెడతారు. ఎవరైనా దిద్దొచ్చు. దిద్దితే వీళ్ళకి కోపం రాదు, సంతోషమేస్తుందంట. మా అమ్మాయి చేసే పని అదండి."

వినీల తల తిప్పలేదు. తను వింటున్నట్టు తెలిస్తే ఆయన ఆపేస్తాడు. ఇంకాసేపు వినాలనిపించింది.