నేరియో మొదటిసారి పాడిన ఆదివారం

నేరియో జఫనెల్లా మొదటిసారి రంగస్థలం మీద పాడిన రోజున అతని సరసన కథానాయికను నేనే. అప్పటికి నాకు నలభై దాటాయి. పాత్రకి పద్దెనిమిదేళ్ళు. ఒపేరాలో ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు. గొంతు లేతగా వినపడితే చాలు.

యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకి, ఒక చలికాలం జరిగిన సంగతి ఇది. గ్వస్తల్లా ఊరి థియేటర్‌లో మాతో నాయకుడి పాత్ర పాడవలసిన టెనర్, అంటే హెచ్చు స్థాయిలో పాడే గాయకుడు, బొలోన్యాలో పెద్ద అవకాశం వచ్చిందని మమ్మల్ని నడి మధ్యలో వదిలేసి వెళ్ళిపోయాడు. అతని బదులు, వాద్యబృందాన్ని నడిపించే మేస్ట్రో బొత్తాజ్జీ ఒక కొత్తవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడు పో అనే నదిలో ఇసుక తోడే పడవ మీద పనిచేస్తాడట. పక్కనే ఉన్న బొరెత్తో అనే ఊరివాడు. గుమ్మంలో పట్టనంత వెడల్పు భుజాలు. పని ముగిశాక సాయంత్రాలు పార్మా వెళ్ళి ఒక ముసలి పంతులమ్మ దగ్గర పాట నేర్చుకుంటున్నాడని చెప్పారు. రంగస్థలం ఎక్కడం మాత్రం ఇదే మొదలు.

రిహార్సల్స్ జరిగినన్నాళ్ళూ అతను గొంతు విప్పలేదు. ప్రతి పాటనీ పెదవుల మధ్యే గొణిగాడు. గొంతు దాచుకోవడానికి మేమూ అప్పుడప్పుడు అలా చేస్తాం. కానీ ముక్కూ మొహం తెలియని కొత్తవాడు అలా చేస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"నీకు గొంతుందా, ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అని అందరి ముందే అడిగేశాను.

"ఉంది సిన్యోరా. ప్రదర్శన దాకా బయటికి తియ్యొద్దని మా పంతులమ్మ ఒట్టేయించుకుంది."

"నీ గొంతు మీద జాలితోనా, మా చెవుల మీద జాలితోనా?"

అతను హాయిగా నవ్వేశాడు. కోపం తెచ్చుకోకపోవడం నాకు ఇంకా చిరాకు తెప్పించింది. మేస్ట్రోని పక్కకి పిలిచాను.

"మీరైనా విన్నారా ఇతను పాడగా?"

"ఒక్కసారి విన్నాను, పార్మాలో, ఆవిడ ఇంట్లో."

"ఎలా ఉంది?"

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నన్ను చెప్పమనకు ఎర్సీలియా. ఆదివారం నువ్వే విందువుగాని."

మా వైపు థియేటర్లలో తీర్పు చెప్పేది పై గ్యాలరీ. కింద మెత్తటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మర్యాదకి చప్పట్లు కొడతారు. పైన చెక్క బెంచీల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళకి ప్రతి పాటా కంఠతా వచ్చు. వాళ్ళకి పెద్ద ఆర్తేమియో. సాలమీ అనే ఎండు మాంసం అమ్మే మనిషి. అతను ఈల వేస్తే టెనర్ల బతుకు అంతే. మాలో ఈలంటే మెచ్చుకోలు కాదు, పొమ్మనడం.

ఆదివారం మధ్యాహ్నం మంచు దట్టంగా పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆలస్యంగా వచ్చారు. నాకు దుస్తులు తొడిగే ఇనేస్ నడుం దగ్గర తాళ్ళు బిగిస్తూ కబుర్లు మోసుకొచ్చింది.

"ఆ అబ్బాయికి కోటు పట్టట్లేదు సిన్యోరా. పాతాయన కొలతలకి కుట్టింది కదా. వెనక నిలువునా విప్పేసి తాళ్ళతో కట్టాం. జనానికి వీపు చూపించకు నాయనా అని పదిసార్లు చెప్పాను."

"ముఖం చూపిస్తే మాత్రం ఊరుకుంటారా?"

"ఏమోనమ్మా. పాపం, పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

మొదటి అంకంలో నాయకుడు ముందు కనపడడు, వినపడతాడు. నేను కోట కిటికీ దగ్గర నిలబడి ఉంటాను. యుద్ధానికి పిలుపొచ్చిన సైనికుడు కింద దారిలో పాడుకుంటూ వెళతాడు. తెరచాటు నుంచి రావాలి ఆ పాట.

వచ్చింది. మొదట తెలిసింది నా చేతికి. కిటికీ చట్రం మీద ఆనించిన నా అరచేతి కింద చెక్క సన్నగా మోగుతోంది. ఆ తర్వాత చెవికి అందింది. అందులో బలప్రయోగం లేదు. తోసుకురావడం లేదు. నదికి అవతలి ఒడ్డున ఉన్న ఒక్క మనిషితో, వినపడుతుందన్న నమ్మకంతో మాట్లాడుతున్నట్టుంది. మంచులో పడవకీ పడవకీ మధ్య పిలుపులు అలాగే వెయ్యాలట. అరిస్తే మంచు మింగేస్తుందని తర్వాతెప్పుడో అతనే చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా ఎందరో టెనర్ల పక్కన నిలబడ్డాను. వాళ్ళంతా గొంతుతో పాడారు. ఇతని పాటకి గొంతుతో పనే లేనట్టుంది. నేను ఊపిరి తీసుకోవడం మానేశానని నా వంతు వచ్చినప్పుడు గానీ తెలియలేదు.

పాట అయ్యాక అతను రంగస్థలం మీదికి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తంటాలు పడి, చివరికి నా వైపు తిరిగాడు. తిరగ్గానే వీపు జనం కంటపడింది. తాళ్ళు, వాటి మధ్య తెల్ల చొక్కా.

"ఒరేయ్, పడవని కట్టేసి తీసుకొచ్చార్రా" అంది ఆర్తేమియో గొంతు పైనుంచి. గ్యాలరీ గొల్లుమంది.

నేరియో చెవులు కందిపోయాయి. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. పాత్ర ప్రకారం అక్కడ పట్టుకోకూడదు. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"నన్ను చూసి పాడు. వాళ్ళని చూడకు" అన్నాను పెదవి కదలకుండా.

"సరే సిన్యోరా" అన్నాడు, బళ్ళో పిల్లాడిలా.

రెండో అంకంలో మా యుగళగీతం. ఆ గొంతు ఇప్పుడు నాకు జానెడు దూరంలో ఉంది. అంత దగ్గర్లోనూ పెద్దదిగా లేదు. చుట్టూ ఉన్న గాలి మాత్రం మారిపోయినట్టుంది. దాంతో కలిసి పాడుతుంటే నా గొంతులో ఏళ్ళ తరబడి పేరుకున్న బిరుసు కరిగిపోయింది. ఎప్పుడో వదిలేసుకున్న పై స్వరాలు అడగకుండానే వచ్చేశాయి. పైన ఎవరూ నవ్వడం లేదు. దగ్గడం లేదు.

మూడో అంకంలో వీడ్కోలు. సైనికుడు ఊరికి సెలవు చెప్పి ఒక పెద్ద స్వరాన్ని పట్టి నిలబెడతాడు. దాని మీద ఊరి జనంగా నిలబడ్డ బృందమంతా ఒక్కసారిగా అందుకోవాలి. మా బృందంలో అందరూ ఆ ఊరివాళ్ళే. వడ్రంగులు, దర్జీలు, బడి పంతుళ్ళు. తాతల నాటి నుంచీ పాడుతున్నవాళ్ళు.

నేరియో ఆ స్వరం అందుకున్నాడు. మేస్ట్రో చెయ్యెత్తి బృందానికి సైగ చేశాడు. ఒక్కరూ అందుకోలేదు.

తల తిప్పి చూశాను. అంతమందీ నోళ్ళు తెరుచుకుని అతన్నే చూస్తున్నారు. ఇనేస్ మొగుడు ముందు వరసలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. మేస్ట్రో మళ్ళీ సైగ చేశాడు. లాభం లేదు. వాద్యాలు అదే స్వరం మీద వణుకుతూ నిలిచిపోయాయి. ఇంకెవరైనా అయితే స్వరాన్ని వదిలేసేవాడు, లేదా గొంతు పగిలేది. నేరియో వదల్లేదు. దాన్ని అలాగే పట్టుకుని, మెల్లమెల్లగా తగ్గించి, దారంలా చేసి, మళ్ళీ పెంచుతూ, నన్ను చూశాడు. ఆ చూపులో కంగారు లేదు. ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తున్నాడు.

నాకు అక్కడ పాట లేదు. అయినా ఊరందరూ పాడవలసిన చరణం నేను ఒక్కదాన్నే ఎత్తుకున్నాను. రెండు మాటలు ఒంటరిగానే సాగాయి. మూడో మాటకి ఆడవాళ్ళు తేరుకున్నారు. ఆ తర్వాత మగవాళ్ళు కలిశారు. అన్ని గొంతుల మీదుగా అతని స్వరం ఇంకా నిలిచే ఉంది.

పాట ముగిసింది. అప్పుడు పైనుంచి ఆర్తేమియో, అరుపు కాకుండా మామూలు గొంతుతో అడిగాడు.

"ఎవరి కొడుకువి రా నువ్వు?"

రంగస్థలం మీద ఉన్నవాడు జనానికి జవాబు చెప్పకూడదు. ఆ సంగతి నేరియోకి ఎవరూ చెప్పలేదు.

"ఇసుక పడవ గ్విదో కొడుకునండీ."

"గ్విదో? ఆ మనిషి జన్మలో నోరు విప్పి మాట్లాడగా వినలేదు కదరా."

అప్పుడు నవ్వారు జనం. ఆ నవ్వే చప్పట్లయింది, చప్పట్లు కేకలయ్యాయి. పైన బెంచీలు బాదుతుంటే పైకప్పు నుంచి పెచ్చులు రాలాయి. జనం అదే పాట మళ్ళీ పాడమని అడిగితే గిట్టని మేస్ట్రో, చేతిలోని కర్ర కింద పెట్టేసి తనే చప్పట్లు కొడుతున్నాడు.

"అలా నువ్వొక్కదానివే ఎత్తుకోవడం రాసినాయనకి తోచలేదు గానీ, ఇకనుంచీ అలాగే చేద్దాం" అన్నాడు తర్వాత.

ఆ తర్వాత నేరియో పాడని దేశం లేదు. అవన్నీ పేపర్లలో వచ్చినవే. నేను ఇంకొన్నాళ్ళు పాడి, గొంతు బాగుండగానే మానేశాను. ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. ఆ రోజు అతను అసలు ఏం చేశాడో పాడి చూపించమని అడుగుతారు. నాకు చేతకాదని చెబుతాను.

ఆ సాయంత్రం సత్రం వంటింట్లో అతను గుమ్మడికాయ కూరి ఉడికించిన తోర్తెల్లి పళ్ళెం మీద పళ్ళెం లాగిస్తుంటే, నల్ల రుమాలు తలకి కట్టుకున్న ఒకావిడ నా పక్కకి వచ్చి కూర్చుంది. నేరియో తల్లి.

"సిన్యోరా, మీరు అన్నీ తెలిసినవారు. నిజం చెప్పండి. వీడికి ఈ పనిలో కూడు దొరుకుతుందంటారా?"

"ఇక ఇతను పడవ ఎక్కక్కర్లేదమ్మా" అన్నాను.

ఆవిడ కొడుకు వైపు చూసి, "అయితే రేపు పొద్దున రెండోవాణ్ణి పంపాలి పడవ పనికి" అని లేచి, రొట్టె ముక్కలు కోయడానికి వెళ్ళింది.