గంగాధరరావు గారి లక్క ముద్ర

గంగాధరరావు గారు తన సర్వీసు మొత్తంలో లోపల ఏముందో చూసుకోకుండా ఒక్క కవరు కూడా పైకి పంపిన మనిషి కాదు. హబ్సిగూడ వైపు ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఒకసారి తన సొంత మెడికల్ బిల్లులోనే తేదీ తేడా కనిపిస్తే, ఎర్రసిరాతో కొట్టి తనకు తానే వెనక్కి పంపుకున్న ఘనుడు. తెనాలి నుంచి వచ్చి చిల్కానగర్‌లో ఇల్లు కట్టుకున్నాక జుట్టు నెరిసింది గానీ ఆ గుణం నెరవలేదు. అలాంటి మనిషి తిరిగే ఇంట్లో, సీలు వేసిన కవర్లు రెండు టేబుల్ మీద పెట్టి కూతురు హరిణి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇక తప్పెవరిదని చెప్తాం?

హరిణి నాచారంలో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టు. చుట్టుపక్కల కాలనీల వాళ్ళు తమ బోరునీళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో పట్టుకొచ్చి, పచ్చగా ఎందుకున్నాయో చెప్పమంటారు. నీళ్ళలో ఏం కలిసిందో చెప్పడం ఆమెకు వచ్చు. అది నేల అడుగున ఎక్కణ్ణుంచి బయలుదేరి ఎవరి బోరులోకి వస్తోందో చెప్పడం మాత్రం రాదు. ఆ చదువు నెదర్లాండ్స్‌లోని ఒక అంతర్జాతీయ విశ్వవిద్యాలయంలో ఉంది. ఫెలోషిప్‌తో సహా ఇస్తారు, కాకపోతే ముప్ఫై నిండనివాళ్ళకే. హరిణికి వచ్చే వేసవిలో నిండుతాయి. అంటే 2009లో వేసే ఈ దరఖాస్తే మొదటిదీ, ఆఖరిదీ.

వాళ్ళు అడిగినవన్నీ ఏడాదిగా ఒక్కొక్కటే పోగుచేసింది. ఇంగ్లీషు పరీక్ష రాసింది. సిఫారసు ఉత్తరాల కోసం పాత ప్రొఫెసర్ల గుమ్మాల ముందు పడిగాపులు కాసింది. ఎందుకు చదవాలనుకుంటున్నావో రాయమంటే నాచారం బోర్ల గురించి రాసింది. చివరికి మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు మిగిలాయి. వాటిని ఇక్కడి యూనివర్సిటీ వాళ్ళే కవర్లో పెట్టి, అంటించి, అంటించినచోట అడ్డంగా స్టాంపూ సంతకమూ వేసి ఇవ్వాలి. అవతలివాళ్ళు తెరిచేదాకా ఆ కవరు ఎవరూ తెరవకూడదు. తెరిస్తే చెల్లదు. బందులతో ఊరంతా అట్టుడుకుతున్న డిసెంబరులో, పరీక్షల విభాగానికి తాళం పడే ముందురోజు ఆ కవర్లు ఆమె చేతికొచ్చాయి. ఎంత అదృష్టమో అనుకుంది. ఇంటికి తెచ్చి, తెల్లారి కొరియర్‌కు ఇద్దామని టేబుల్ మీద పెట్టి, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళింది. వాటిని తెరవకూడదని ఇంట్లో చెప్పాలన్న ఆలోచనే రాలేదు. గ్యాస్ స్టౌ మీద చెయ్యి పెట్టకూడదని ఎవరైనా ఎవరికైనా చెప్తారా?

సాయంత్రం వచ్చేసరికి గంగాధరరావు గారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, కూతురికి పెళ్ళి చేసి పంపినంత నిశ్చింతగా ఉన్నారు.

"రామ్మా. నీ పనంతా పక్కాగా చేసిపెట్టాను. ప్రతి కాగితం మూడేసి జిరాక్సులు తీయించాను. మనకు తెలిసిన పశువుల డాక్టరుగారు గెజిటెడ్ కదా, అన్నింటి మీదా పచ్చసిరాతో అటెస్టేషన్ చేశారు. ఒక సెట్టు లోపలే పెట్టాను. వాళ్ళేదో ఉత్త గోందుతో అంటించారు, స్కేలు పెడితే ఊడొచ్చింది. నేను లక్క వేశాను చూడు!"

హరిణి చూసింది. రెండు కొత్త కవర్లు. వెనకవైపు ఎర్రటి లక్క, దాని మీద రూపాయి బిళ్ళతో అద్దిన మూడు సింహాలు. ఎంత వంకర లేకుండా పడ్డాయో! నెదర్లాండ్స్ వాళ్ళు ఆ పశువుల డాక్టరు ముద్ర చూసి ఏమనుకునేవారో తలచుకుంటే నవ్వు రావాలి. రాలేదు. కోపం రావాలి. అదీ రాలేదు. చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళి, తల్లి తారామణి ఇచ్చిన టీ తాగింది. తాగాక, కవరు తెరిస్తే ఏమవుతుందో తల్లికీ తండ్రికీ కలిపి చెప్పింది. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెప్పినట్టు చెప్పింది.

"అయ్యో, ఏం పని చేశారండీ!" అంది తారామణి.

గంగాధరరావు గారు లక్క ముద్రను బొటనవేలితో తడుముతూ ఉండిపోయారు.

హరిణి జరిగింది జరిగినట్టు ఆ విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసింది. మర్నాటికల్లా జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. నెలాఖరులోగా సీలు చెదరని కవర్లు చేరాలి, చేరకపోతే దరఖాస్తు పరిశీలించరు, ఈ నియమానికి మినహాయింపు లేదు. చదివి కంప్యూటర్ కట్టేసింది. లేచి చున్నీ వేసుకుంది. ఆరోజూ బందే. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఉప్పల్ నుంచి ఖాళీ రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్ళింది. హబ్సిగూడలో ఎవరో టైర్లు కాలుస్తున్నారు. పొగలోంచి వెళ్తున్నా దగ్గు కూడా రాలేదు.

పరీక్షల విభాగం మెట్ల మీద అటెండరు రాజయ్య ఒక్కడే కూర్చున్నాడు. మొన్న కవర్లు తెచ్చి చేతిలో పెట్టింది అతనే.

"ఎవ్వల్లేరు బిడ్డా. తాళమేసిన్రు. మల్లెందుకొచ్చినవ్?"

"కవర్లు తెరిచేశారు. మళ్ళీ కావాలి."

"ఎవలు తెరిసిన్రు?"

"మా నాన్న."

రాజయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అరెరె! పెద్దమనిషి గట్ల జేసిండా? సార్లు సంక్రాంతి దాటితె గని రారంటున్రు. స్టాంపులన్ని బీరువల వడ్డయి, తాళంచెవి సారు తాననే. నేనేం జేస్త జెప్పు?" కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. "ఏంది బిడ్డా, నీకు జర్ర గూడ ఫికర్ అయితలేదా?"

హరిణి ఆ మాట నిజంగానే ఆలోచించింది. "తెలీదు," అంది. మంచినీళ్ళిస్తే తాగి, వచ్చిన దారినే ఇంటికొచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో మాట్లాడుకోవడం ఆగిపోలేదు. ఆగిపోయినా బాగుండేది. అన్నం పెట్టమంటే పెట్టింది, పేపరు ఇవ్వమంటే ఇచ్చింది. గంగాధరరావు గారు గది గుమ్మం దాకా వచ్చి, "ఏమ్మా?" అని ఆగిపోయేవారు. "ఏం లేదు నాన్నా," అనేది. ఆయన ఏదో ఒకటి అనిపించుకుందామని వస్తున్నారని ఆమెకు తెలుసు. అనడానికి తన దగ్గర ఏమీ లేదు. ల్యాబ్‌కు వెళ్ళి కాలనీల నీళ్ళు పరీక్షించి, పచ్చగా ఉన్నాయని రాసి వస్తోంది.

బందు సడలిన రోజు మధ్యాహ్నం గంగాధరరావు గారు ఉప్పల్ వెళ్ళొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, హరిణి ముందు టేబుల్ మీద ఒక పొట్లం విప్పారు. కొత్త రబ్బరు స్టాంపు. యూనివర్సిటీ పేరు, మధ్యలో బొమ్మ, అచ్చు అలాగే. చెత్తబుట్టలోంచి పాత కవర్ల ముక్కలు ఏరి, అతికించి, స్టాంపులు చేసేవాడికి వాటినే నమూనాగా ఇచ్చారట. ఖాకీ కవర్లు కూడా అలాంటివే తెచ్చారు. సంతకం పాత పేపరు అంచుల నిండా రాసి రాసి నేర్చుకున్నారు.

"ఎవరికీ తెలియదమ్మా. కాగితాలు అసలువే కదా. మనమేం మార్కులు మార్చడం లేదు కదా." ఆ మాటలు ఆయన నోట్లోంచి వస్తుంటే ఎవరో వెనకనుంచి అందిస్తున్నట్టున్నాయి. "నువ్వు ఊఁ అంటే వేసేస్తాను."

"వేయండి," అంది హరిణి.

ఎందుకందో ఆమెకే తెలియదు. వద్దనడానికి కాస్త ఓపిక కావాలి. అది కూడా లేదు.

ఆయన కవరు అంటించారు. ఇంకు ప్యాడ్ మూత తీశారు. స్టాంపు అద్ది, మడత మీదికి తెచ్చి పట్టుకున్నారు. పట్టుకునే ఉన్నారు. చెయ్యి కిందికి దిగలేదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని నొక్కబోయారు, అయినా దిగలేదు. తన బిల్లు తనే కొట్టేసుకున్న చెయ్యి అది. ఇప్పుడు కూతురి కోసం దొంగముద్ర వేయబోతోంది. హరిణికి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఏమో, కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కవరు లాగేసి అవతల విసిరేసింది.

"అసలెందుకు తెరిచారు నాన్నా? నా కవరు మీరెందుకు తెరిచారు? ఎవరు తెరవమన్నారు మిమ్మల్ని?"

ఆ కేకకు తారామణి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. హరిణి ఏడుస్తోంది. చిన్నప్పుడు కూడా ఇంత గట్టిగా ఏడ్చింది లేదు. అవకాశం పోయిందని, వయసు దాటిపోతుందని, ఇక ఎప్పటికీ వెళ్ళలేనని ఇప్పుడు తెలిసింది ఆమెకు.

గంగాధరరావు గారు స్టాంపును పొట్లంలో పెట్టేసి దూరంగా జరిపారు. నల్లటి ఇంకు అంటిన వేళ్ళు పంచెకు తుడుచుకున్నారు.

"భయమేసిందమ్మా," అన్నారు. "ఏ గుమాస్తా ఏ అంకె తారుమారు చేశాడో, నీ పేరులో ఏ అక్షరం మింగేశాడో అని. అంతదూరం వెళ్ళాక చిన్న తప్పు బయటపడినా నీ సీటు పోతుందని."

నేల మీద పడ్డ కవరు వంగి తీశారు.

"పేజీ పేజీ చూశాను. ఒక్కటంటే ఒక్క తప్పు కూడా లేదు తల్లీ."