నా వీపు వెనక మాస్టారి గొంతు

నేను ఒక యాంటెన్నాను. టీవీది అనుకున్నారు కదూ? అనుకోండి. మా వీధి వీధంతా అదే అనుకుంది. ఎదురింటాయనైతే నా మూలంగానే తనకు తలనొప్పి వస్తోందని వార్డు మెంబరు దాకా వెళ్లాడు. తల ఉన్నవాళ్లకు కదా నొప్పి రావాల్సింది అనుకుని ఊరుకున్నాను.

నేను అమెచ్యూర్ రేడియో యాంటెన్నాను. ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, ఇంట్లో రేడియో సెట్టు పెట్టుకుని, ఇంకో ఊళ్లో అలాంటి సెట్టే పెట్టుకున్న మరో మనిషితో గాలిలో మాట్లాడటం కొందరికి సరదా. చొక్కా జేబులో ఫోను ఉంటుంది. అయినా సరే, గంటసేపు మరలు తిప్పి, "నా గొంతు వినబడుతోందా?" అని ఒకరు, "వినబడుతోంది, నాది వినబడుతోందా?" అని ఇంకొకరు. ఇద్దరికీ వినబడుతోందని తేలాక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

నా శరీరం గురించి ఒక్క ముక్క చెబుతాను, జాగ్రత్తగా వినండి. నడుమ ఒక పొడవాటి గొట్టం, దానికి అడ్డంగా ఏడు అల్యూమినియం కడ్డీలు. అన్నిటికంటే పొడుగుది వెనక ఉంటుంది. ముందుకు వచ్చేకొద్దీ కడ్డీలు పొట్టివవుతాయి. పొట్టి కడ్డీల వైపే నా ముఖం. అటువైపు నుంచి వచ్చే మాటను పట్టుకుంటాను, అటువైపే మాటను విసురుతాను. వీపు వెనక ఎవరున్నా నాకు లెక్కలేదు. మీలాగా అన్నివైపులా తలాడించే గుణం నాకు లేదు. దీన్ని గర్వం అంటే అనండి.

పుణె దగ్గర ఒక రేకుల షెడ్డులో నన్ను కోశారు, రంధ్రాలు వేశారు. కడ్డీల మీద నల్ల స్కెచ్ పెన్నుతో అంకెలు రాశారు, ఏది ఎక్కడ బిగించాలో కొనుక్కున్న మహానుభావుడికి తెలియాలని. గొట్టం మీద ముఖం ఎటో చూపించే ఎర్ర బాణం గుర్తు అతికించారు. ఒక కాగితం మీద బొమ్మలు కూడా వేసి అట్టపెట్టెలో నాతో పాటు పడుకోబెట్టారు. అంత చేశాక మనిషన్నవాడు తప్పు చేయలేడని వాళ్ల నమ్మకం. పాపం, వాళ్లు మా గంగాధరాన్ని చూడలేదు.

చెల్లుబోయిన గంగాధరం కాకినాడలో బస్సు డిపో మేనేజరుగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు విజిలేస్తే బస్సు కదిలింది, చెయ్యెత్తితే ఆగింది. దాంతో లోకంలో ఏ వస్తువైనా తన మాట వింటుందన్న భ్రమ ఒకటి పట్టుకుంది. రిటైరయ్యాక ఇంట్లో మాట వినేవాళ్లెవరూ దొరకలేదు. అందుకని రేడియో పెట్టుకున్నాడు.

ఆ రేడియోలో ఆయనకు దొరికిన ఒకే ఒక్క స్నేహితుడు మడకం ముత్యాలరావు మాస్టారు. రంపచోడవరంలో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. రోజూ తెల్లవారగానే, పేపరు రాకముందే, ఇద్దరూ గాలిలో కలుసుకునేవారు. ఎదురెదురుగా ఎన్నడూ చూసుకోలేదు. అవసరం లేదనుకున్నారు. ఇద్దరి మధ్యా ఫోన్ మాటలు ఉండకూడదని ఒక ఒట్టు కూడా ఉంది. "ఫోన్లో అయితే ఎవడైనా మాట్లాడతాడండీ" అనేవాడు గంగాధరం, అదేదో తపస్సు చేస్తున్నట్టు.

ఆ వేసవిలో మాస్టారి గొంతు సరిగా అందడం మానేసింది. గంగాధరం తన పాత కర్ర యాంటెన్నాను తిట్టాడు, గాలిని తిట్టాడు, మునిసిపాలిటీని తిట్టాడు. చివరికి నన్ను తెప్పించాడు. పెట్టెలో పడుకుని ఆ రోజు వాళ్ల మాటలు విన్నాను.

"గొంతు బొంగురు పోయిందండి, అందుకే అలా వినపడతంది. ఓవర్" అన్నారు మాస్టారు. ఓవర్ అంటే నా మాట అయింది, ఇక మీ వంతు అని.

"మీ గొంతు కాదండీ బాబూ, నా యాంటెన్నా పాతది. కొత్తది వచ్చేసిందండి. రేపే ఎక్కించేస్తాను. ఓవర్."

"మంచిదండి. బిగించేముందు ఓసారి నాతో అనండి. ఏ కడ్డీ ఎటో ఇద్దరం కలిసి చూసుకుందాం. అది ఒకవైపే పనిచేస్తుందండి, తిరగేస్తే కష్టం. ఓవర్."

ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. కానీ గంగాధరం ముఖం మాడిపోయింది. "వందలాది బస్సులు నడిపినోణ్ణి. నాకు పాఠం చెప్తాడా?" అని, జవాబు చెప్పకుండానే సెట్టు కట్టేసి గొణుక్కున్నాడు. బస్సులు నడిపింది డ్రైవర్లు. సరే, అది వేరే సంగతి.

మర్నాడు మేడ మీద చాప పరిచి నా భాగాలన్నీ కుమ్మరించాడు. మొదటి ఘనకార్యం, బొమ్మల కాగితాన్ని కాఫీ గ్లాసు కింద పెట్టడం. రెండోది ఇంకా గొప్పది. కడ్డీల మీద ఉన్న అంకెలను మరకలనుకుని, తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేశాడు. కడ్డీలు మెరిశాయి. ఏది ఏదో ఎవరికీ తెలియకుండా పోయింది. అప్పుడు భార్య మంగాయమ్మ కుట్టుమిషను దగ్గరి టేపు తెచ్చి ఒక్కొక్కటీ కొలవమని ఆమెకు పురమాయించి, తను కుర్చీలో కూర్చుని మీసం దువ్వుకున్నాడు.

"దీని పేరేంటండీ?" అంది మంగాయమ్మ.

"యాగీ. జపాను ఆయనెవరిదో పేరంట."

"ఇంట్లో ఉన్న యాగీ చాల్లేదా, డబ్బులిచ్చి కొనుక్కురావాలా?"

ఆ ఇంట్లో నాకు నచ్చిన మొదటి మాట అది.

మరలు బిగించేటప్పుడు రెండు మిగిలిపోయాయి. ఎక్కువిచ్చి ఉంటారని కిటికీ గట్టు మీద పెట్టాడు. కేబుల్ అతికిస్తూ వేలు కాల్చుకున్నాడు. ఆ కేక విని పక్క మేడ మీద పావురాలు లేచిపోయాయి. మొత్తానికి నా ఏడు కడ్డీలూ వాటి వాటి చోట్లలోనే పడ్డాయి. అందులో ఆయన తెలివేమీ లేదు, పొడుగు వరసన పేర్చింది మంగాయమ్మ టేపే.

ఇక పూజ. బస్సుకైనా బావి మోటారుకైనా పూజ లేకుండా పని మొదలుపెట్టే వంశం కాదట. గొట్టానికి పసుపు రాశాడు. బొట్టు పెట్టడానికి తగిన చోటు కోసం వెతికితే ఎర్రగా అతికించిన బాణం గుర్తు కనబడింది. ఇక్కడే పెట్టాలన్నట్టు ఉందని సంతోషించి, దాని మీద ముద్దగా పసుపు పామి, నడుమ కుంకుమ దిద్దాడు. నా ముఖం ఎటో చెప్పే ఒకే ఒక్క గుర్తు అలా దేవుడి ఖాతాలో కలిసిపోయింది. నిమ్మకాయా మిరపకాయలూ కూడా కట్టాడు.

నన్ను మేడ మీది నిట్రాటకు ఎక్కించాక చిక్కొచ్చింది. ఎటువైపు తిప్పాలి? రంపచోడవరం వాయవ్యాన ఉందని ఆయనకు తెలుసు. నాలో ఏ కొస అటు ఉండాలో తెలియదు. కాగితం చూడొచ్చు. మాస్టారిని అడగొచ్చు. రెండూ చేయలేదు. కాసేపు నన్ను చూసి తేల్చేశాడు.

"పెద్దది ముందుండాలి, చిన్నవి వెనకాల నడవాలి. ఊరేగింపులో అయినా పెద్దోళ్లే కదా ముందు" అన్నాడు.

అలా నా పొడుగు కడ్డీని, అంటే నా వీపును, మాస్టారి వైపు పెట్టాడు. నా ముఖం సముద్రం వైపు తిరిగింది. కిందకి దిగి చేతులు దులుపుకుని, పాత కర్ర యాంటెన్నాను పాతసామానువాడికి ఇచ్చేశాడు.

తెల్లారి మేడ మీది గదిలో సెట్టు పెట్టి పిలిచాడు. బుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్లీ పిలిచాడు. నేను ఆయన మాటలన్నీ తీసుకెళ్లి బంగాళాఖాతంలో పోశాను. చేపలకు కూడా విసుగొచ్చి ఉంటుంది.

అక్కడితో అయినా కళ్లు తెరిచేవాడేమో. కానీ ఆ వేసవి ఉదయాల్లో సముద్రం మీద గాలి పొరలు ఒక్కోసారి విచిత్రంగా సర్దుకుంటాయి. రేడియో మాట వాటి మధ్య ఇరుక్కుని ఎంతెంతో దూరం జారిపోతుంది. అలాంటి ఒక ఉదయం అండమాన్ నుంచి ఎవరో హిందీలో పలికారు. గంగాధరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సాయంత్రానికి ఊళ్లో రేడియో సెట్టున్నవాళ్లందరికీ తెలిసింది. శాలువా కప్పారు. "అసెంబ్లింగ్ అంతా నేనే చేశానండి, ఒంటి చేత్తో" అని చెప్పాడు. మంగాయమ్మ టేపు ఊసు రాలేదు.

ఇక ఆయనకు అనుమానమే లేదు. అండమాన్ పలికినప్పుడు రంపచోడవరం పలకకపోవడమా? మాస్టారు అలిగారు. అంతే కాదు, అసూయ. "ఒక్క మాటకు జవాబు చెప్పలేదని మానేశాడు చూడు. హెడ్మాస్టరు బుద్ధి" అన్నాడు మంగాయమ్మతో.

"ఓ ఫోన్ కొట్టకూడదేంటండీ?"

"ఆయన కొడతాడా? నేనెందుకు కొడతాను?"

నాకు అసలు సంగతి తెలుసు. వీపు వెనకవాళ్లు నాకు లెక్కలేదన్నాను కదా. లెక్కలేకపోయినా, పూర్తిగా చెవుడు కాదు నాకు. రోజూ తెల్లవారగానే నా వీపుకు చాలా సన్నగా, ఈగ వాలినట్టు, ఒక గొంతు తగిలేది. సెట్టు దాకా చేరేసరికి బుస్సులో కలిసిపోయేది. గంగాధరానికి చేరేది కాదు. నాకు మాత్రం తెలిసేది.

"గంగాధరంగారూ, ఉన్నారాండీ? ఓవర్." కాసేపాగి మళ్లీ. "కోపంగా ఉన్నారనుకుంటాను. పోనీ వినండి చాలు." ఇంకో రోజు, "గొంతులో గడ్డ ఉందండి. విశాఖపట్నం రమ్మన్నారు." తర్వాత కొన్నాళ్లకు, "గొంతు తీసేస్తారంటండి. తీసేస్తే ఇంక మాట ఉండదంట. ఆ లోపల ఓసారి మీతో మాట్లాడదామనండి. ఏదో ఒకటి. వాతావరణం గురించైనా సరే. ఓవర్."

అవతల నుంచి ఏమీ రాకపోయినా ఆయన ప్రతిసారీ ఓవర్ అనేవారు. అలా అని మీట వదిలి, వినేవారు. ఇంత దూరం నుంచి ఒక మనిషి వినడం నా వీపుకు తెలిసేది. నాకు బాధేసింది. చెప్పుకోవడానికి నామోషీగా ఉన్నా చెబుతున్నాను. ఏడు కడ్డీలుండి ఏం లాభం, వాటిలో ఒక్కదానికీ నోరు లేదు. ఆ సమయంలో గంగాధరం అండమాన్ వైపు చూస్తూ కాఫీ తాగుతున్నాడు. ఆ కాఫీ ఆయన నెత్తిన పోయాలనిపించింది.

తర్వాత ఆ గొంతు రావడం ఆగిపోయింది.

ఒక సాయంత్రం గంగాధరం మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తుంటే ఫోన్ మోగింది. ముసలాళ్లందరిలాగే స్పీకరు పెట్టి మాట్లాడతాడు.

"అంకుల్, నేను రంపచోడవరం ముత్యాలరావుగారి అమ్మాయినండి, నాగమణిని. నాన్నగారి ఆపరేషన్ అయిపోయిందండి. బానే ఉన్నారు. మీకు చెప్పమని కాగితం మీద రాశారు."

"ఆపరేషనేంటమ్మా?"

"మీకు తెలీదాండి? రోజూ పొద్దున్నే రేడియోలో మీకే కదండీ చెప్పేవారు. మీరు పలకట్లేదు కానీ వింటున్నారనేవారు. గొంతు తీసేశారండి. ఇంక మాట రాదు."

గంగాధరం చేతిలో మగ్గు వంగి నీళ్లన్నీ కాళ్ల మీద పోయాయి.

"ఓ ఫోన్ చెయ్యాల్సింది కదమ్మా..."

"నేనూ అదే అన్నానండి. రేడియోలో వచ్చిన కోపం రేడియోలోనే పోవాలమ్మా అన్నారు."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత స్టూలు తెచ్చుకుని నా దగ్గరికి ఎక్కాడు. ఏం వెతుకుతున్నాడో ఆయనకే తెలియదు. ప్రతి మరనూ తడిమాడు, కేబుల్ లాగి చూశాడు. ఎండిన పసుపు ముద్ద వేలికి తగిలింది. గోటితో గీకాడు. కింద ఎర్రగా బాణం కొస కనబడింది. ఇంకొంచెం గీకాడు. బాణం చూపించిన వైపు తలెత్తి చూస్తే, ఇళ్ల మీదుగా సముద్రం.

ఇన్నాళ్లూ ఆయన ముఖం మీది ధీమా ఎప్పుడు పోతుందా అని ఎదురుచూశాను. చూసి నవ్వుకుందామని. తీరా పోతే నవ్వు రాలేదు.

"మంగా," అని పిలిచాడు. "పానా పట్టుకురా."

నన్ను తిప్పాడు. తిప్పుతూ ఎవరినీ తిట్టలేదు. మొదటిసారి నా ముఖానికి కొండల గాలి తగిలింది.

ఆ మర్నాటి నుంచి రోజూ పిలిచాడు. మాస్టారు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారని తెలిసి కూడా పిలిచాడు. సంగతంతా చెప్పుకున్నాడు, కాగితం గురించి, పసుపు గురించి, పెద్దది ముందుండాలని తను అనుకోవడం గురించి. "మీరు కలిసి చూద్దామన్నారు మాస్టారూ. నేను చూడలేదు. ఓవర్." ఇన్ని రోజులూ మాస్టారు నా వీపుతో మాట్లాడితే, ఇప్పుడీయన ఖాళీ ఇంటితో మాట్లాడాడు. మనుషుల పద్ధతే ఇంత, ఉన్నప్పుడు పలకరు.

మాస్టారు ఇల్లు చేరిన తర్వాతి ఉదయం, గంగాధరం ఓవర్ అన్నాక, సెట్టులో బుస్సు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ వచ్చింది. ఈసారి ఎక్కువసేపు ఆగింది. సెట్టు పాడైందనుకుని పైన ఒక దెబ్బ వేశాడు. నాకు ముందే తెలిసిపోయింది. అక్కడ ఎవరో మీట నొక్కుతున్నారు. నొక్కినప్పుడు గాలి నిశ్శబ్దమవుతోంది. పొట్టి నిశ్శబ్దం, పొడుగు నిశ్శబ్దం. ఫోన్లు లేని కాలంలో తంతి ఆఫీసుల్లో పొట్టి చప్పుడూ పొడుగు చప్పుడూగా పంపిన మోర్స్ అక్షరాలు, చప్పుడుకు బదులు నిశ్శబ్దంతో. మాస్టారు గలగలా మాట్లాడేస్తున్నారు.

గంగాధరం దెబ్బ వేయడం ఆపాడు. మీట నొక్కుతున్నది మాస్టారేనని అర్థమైంది. మైకు అందుకున్నాడు.

"మాస్టారూ," అన్నాడు. "అది నాకు రాదండి. ఆ అక్షరాల పరీక్ష లేని లైసెన్సే తీసుకున్నాను, ఈ వయసులో ఎందుకొచ్చిన బాధలే అని. మీరేం చెప్తున్నారో నాకు తెలీట్లేదండి. నేర్పండి మాస్టారూ. మొదట్నించీ నేర్పండి. ఓవర్."

ఆ మాట ఆ నోట్లోంచి వచ్చిందని రంపచోడవరానికి నేనే మోసుకెళ్లాను. ఒక్క అక్షరం కూడా పక్కకు పోనివ్వలేదు.

చాలాసేపు బుస్సు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక పొట్టి నిశ్శబ్దం, ఒక పొడుగు నిశ్శబ్దం. ఆగింది. మళ్లీ అదే, ఇంకాస్త నెమ్మదిగా.

"పొట్టి, పొడుగు. ఇంగ్లీషు మొదటి అక్షరం. అంతేనాండీ? వచ్చేసిందండి మాస్టారూ, వచ్చేసింది!"

మాస్టారు నమ్మలేదు. మూడోసారి కూడా అదే పంపారు.