నాలుగో బోల్టు

చిట్కుల్ దాటాక రోడ్డు పక్కన పెద్దరాములు తుక్కు దుకాణం ఉంది. ఆ ఉదయం అక్కడ ఒక పాత జీపును క్రేనుతో పక్కకు ఒరిగించి, కింద కొయ్య దిమ్మెలు పెట్టారు. దాని అడుగుభాగం గోడలా నిలువుగా లేచి నిలిచింది. సమ్మెట పట్టుకుని కొమురయ్య దాని ముందు నిలబడ్డాడు.

అది ఆయన కొడుకు అనిల్ నడిపిన జీపు. కూలీలను ఫ్యాక్టరీ షిఫ్టులకు దింపేది. రెండేళ్ల కింద ఒక తెల్లవారుజామున డివైడర్ ఎక్కి బోల్తా కొట్టింది. అనిల్ పోయాడు. వెనక సీట్లో ఉన్న అరుణమ్మ కూడా పోయింది. డ్రైవరు నిద్రపోయాడని పోలీసులు రాశారు. ఊరూ అదే అంది. అరుణమ్మ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే కొమురయ్య చుట్టూ తిరిగి పోయేవాడు.

ఆయన నమ్మింది వేరు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసే పొడవాటి షాఫ్టు ముందు కొస ఆ రోజు ఊడిపోయింది. డివైడర్‌కు తగిలి ఊడిందని పోలీసులు అన్నారు, అంతకు ముందే ఊడిందని ఆయన అంటాడు. ముందు రోజే షాఫ్టు కొట్టుకుంటోందని అనిల్ జీపును మెకానిక్ సోమేశ్వర్ షెడ్డుకు తీసుకుపోయాడు. వెనక కొసన ఉన్న నాలుగు బోల్టులు బిగించి పంపానని సోమేశ్వర్ అన్నాడు. బిగించలేదని కొమురయ్య అంటాడు. బోల్టులు వదులైతే షాఫ్టు ఊగుతుంది, ఊగితే ఊడుతుంది, ఊడితే బండి మనిషి చేతిలో ఉండదు. అట్లా అయితే తన కొడుకు ఎవరినీ చంపలేదు.

కేసు ముగిసి జీపు తుక్కుకు వచ్చింది. ముక్కలు చేసే ముందు ఆ బోల్టులు తన కళ్ల ముందు తీయాలని కొమురయ్య పట్టుబట్టాడు. సోమేశ్వర్‌ను పిలిపించాడు. అతను మారు మాట లేకుండా వచ్చాడు. అరుణమ్మ అతని అక్క.

"గ్యాసు కట్టర్ పెడితే జల్దీ అయిపోతది," అన్నాడు పెద్దరాములు. "ఎండల గీ తిప్పలెందుకు కొమురయ్యా."

"మంట పెడితే అన్నీ కాలిపోతయ్. వీడు ఎట్ల బిగిచ్చిండో నాకు కనవడాలె."

"రెండు వానకాలాలు నానింది. వదులు బోల్టు గూడ తుప్పుకు పట్టుకుంటది. దాన్ని జూసి ఏం చెప్తవ్?"

సోమేశ్వర్ నట్ల మీద పేరుకున్న మడ్డిని గీకుతున్నాడు. "చెప్పొచ్చు రాములన్నా. బిగిచ్చినంక నట్టు, బోల్టు కలిసేకాడ ఉలితోని మూడు గాట్లు పెడ్త. నట్టు జెరంత తిరిగినా బోల్టు మీది గాట్లు నలిగిపోతయ్. తిరగకుంటే గట్లనే ఉంటయ్. నట్టు తీస్తే తెలుస్తది."

"నీ గాట్లతోని మేం సచ్చినం," అన్నాడు పెద్దరాములు. "నువ్వు బిగిచ్చిన బండి వస్తే మావోళ్లు నీ ఏడు తరాలను తిట్టుకుంట ఇప్పుతరు."

కొమురయ్య నవ్వలేదు. "గాట్లు లేకుంటే?"

"నీ చేతుల సమ్మెట ఉన్నది గద కాకా."

"నెత్తి పగలగొడ్త."

"కొట్టు. ఆ దినం పెట్టిన్నో లేదో నాకే యాదికొస్తలేదు. నాకు గూడ తెల్వాలె."

పానా పెడితే జారింది. దాని కొసకు పైపు తొడిగి ఇద్దరూ వేలాడితే పానా నోరే విరిగింది. ఇక నట్టును చీల్చాల్సిందే. ఒకరు నట్టు మీద ఉలి ఆనించి పట్టుకోవాలి, ఒకరు కొట్టాలి. కొమురయ్య చేతిలో సమ్మెట చూసి దుకాణంలో పనివాళ్లెవరూ ముందుకు రాలేదు. సోమేశ్వర్ ఉలి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. సమ్మెట దారికి అతని నెత్తి జానెడు దూరంలో ఉంది.

కొమురయ్య కొట్టాడు. జీపు ఒళ్లంతా మోగింది. మళ్లీ కొట్టాడు. ఇనుప పెచ్చు ఒకటి లేచి సోమేశ్వర్ చెంపను కోసింది. రక్తం మెడ మీదికి దిగింది. అతను ఉలి కదపలేదు. ప్రతి దెబ్బకూ కొమురయ్య చూపు ఉలి మీంచి ఆ నెత్తి మీదికి పోయి, తిరిగి ఉలి మీదికి వచ్చింది. నట్టు రెండుగా చీలింది. సోమేశ్వర్ కిరసనాయిలు గుడ్డతో బోల్టు తుడిచాడు.

మూడు గాట్లు. అంచులు కూడా అరగలేదు.

"ఇంగోటి," అన్నాడు కొమురయ్య.

రెండోదానికీ మూడు గాట్లున్నాయి. మూడోది చీలేసరికి కొమురయ్య అరచేతుల్లో బొబ్బలు పగిలి సమ్మెట కర్ర తడిసింది. ఆ గాట్లు కూడా నిన్న పెట్టినట్టే ఉన్నాయి. సోమేశ్వర్ వాటిని వేలితో తడిమాడు. అతని భుజాలు దిగాయి. "అక్కా," అన్నాడు, తనలో తాను. రెండేళ్ల బరువు అతని మొహం మీంచి జారిపోవడం కొమురయ్య చూశాడు. అది ఎక్కడికి పోతుందో కూడా ఆయనకు తెలిసింది.

సోమేశ్వర్ నాలుగో నట్టుకు ఉలి ఆనించాడు. సమ్మెట అతని చేతి మీద పడింది.

జారిందని పెద్దరాములు తర్వాత అందరికీ చెప్పాడు. జారలేదు.

సోమేశ్వర్ అరవలేదు. నేల మీద ముడుచుకుపోయి చేతిని కడుపులో దాచుకున్నాడు. రెండు వేళ్లు ఉండాల్సిన తీరున లేవు. పెద్దరాములు పరుగున వచ్చి కొమురయ్యను రొమ్ము మీద తోశాడు. సమ్మెట గుంజి దూరంగా విసిరాడు.

"మనిషివేనా నువ్వు? మూడు జూసినవ్ గద. ఇంకేం గావాలె నీకు?"

పెద్దరాములు తన తువ్వాలు చింపి సోమేశ్వర్ చేతికి కట్టాడు. "నడువు, దవాఖానకు పోదాం."

"ఇంగోటి ఉన్నది," అన్నాడు సోమేశ్వర్. పళ్లు బిగబట్టుకుని లేచాడు. "అది గూడ తియ్యాలె. లేకుంటే రేపు గా ఒక్కటి పట్టుకొని వస్తడు."

కొమురయ్య వంగి ఉలి తీసుకున్నాడు. దానికి అంటిన రక్తాన్ని తన పంచెకు తుడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని ఉలిని నాలుగో నట్టుకు ఆనించి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వు కొట్టు," అన్నాడు.

సోమేశ్వర్ సమ్మెట దగ్గరికి నడిచి ఎడమ చేత్తో ఎత్తాడు. పెద్దరాములు అడ్డం పోబోయి ఆగిపోయాడు. కొమురయ్య చేతులు తీయలేదు, కళ్లు మూసుకోలేదు. సమ్మెట చాలాసేపు గాలిలోనే ఉంది. తర్వాత దిగింది.

ఉలి నెత్తిన పడింది. మళ్లీ అక్కడే పడింది. ఒంటి చేతి దెబ్బలు కాబట్టి చాలా పట్టాయి, ఒక్కటీ తప్పలేదు. నట్టు చీలింది. నాలుగు బోల్టులనూ లోపలికి కొట్టగానే షాఫ్టు ఊడి కొయ్య దిమ్మె మీద పడింది.

ఈసారి నాలుగో బోల్టును కొమురయ్యే తుడిచాడు. చూడాల్సింది చూశాడు. దాన్ని తెచ్చి సోమేశ్వర్ మంచి చేతిలో పెట్టాడు.

"మావోడు నిద్రవోయిండు," అన్నాడు.

సోమేశ్వర్ బోల్టును జేబులో వేసుకుని, పెద్దరాములు బండి వైపు నడిచాడు.