మెట్ల కడ్డీ మీద మూడు దెబ్బలు

మా వీధి బ్రోకరు అమ్మలేని ఇల్లు ఈ భూమ్మీద ఇంకా కట్టలేదు. పైకప్పు కారే ఇంటిని చూపించి, నీళ్ల కోసం కిందికి దిగే పనే లేదని అమ్మినవాడు. గుమ్మానికి తలుపు లేని ఇంటిని, దొంగకి తలుపు పగలగొట్టే సరదా ఉండదు కాబట్టి వాడు రాడని చెప్పి అమ్మినవాడు. అలాంటి మొనగాడి చేతిలో టీచరమ్మ తన డూప్లెక్సు పెట్టింది. వానలు వచ్చాయి, వానలు పోయాయి. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది.

టీచరమ్మ అంటే కుట్టుపని నేర్పిన టీచరమ్మ. ఆ వీధిలో గుండీ ఊడని చొక్కా కనపడితే అది ఆవిడ శిష్యురాలెవరో కుట్టిందని లెక్క. ఇల్లు అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో మొదలై ఐదో అంతస్తులో పూర్తవుతుంది. కింద హాలు, వంటగది, ఆవిడ కుట్టుమిషను. హాల్లోంచే మెలికలు తిరుగుతూ మెట్లు. పైన పడకగది, బాల్కనీ, ఆయన సామాను. ఆయనంటే ఆవిడ భర్త, వీధికంతటికీ రేకుల మావయ్య. డబ్బాలు, గరాటులు, దుకాణాల బోర్డులు చేసి చేసి, ఒంటికన్నా ముందు చెవులు రిటైరైన మనిషి.

కిటికీ తెరిస్తే చాలు, వీధి మొత్తం ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఎదురుగా బస్‌స్టాపు, పక్కన పళ్లరసం మిషను, ఆ పక్కన బ్యాండు వాయిద్యాలు బాగుచేసే కొట్టు. అక్కడ ట్రంపెట్టు బాగైందో లేదో ఊది చూడకుండా ఇవ్వరు. వీటన్నిటి మీద పెత్తనం ఒక కాకిది. అది కండక్టరు ఈల నేర్చుకుంది. జనం ఇంకా ఎక్కుతుండగానే తీగ మీంచి ఈల వేసేది, బస్సు కదిలిపోయేది. ఉత్త పుణ్యానికి కండక్టర్లు తిట్లు తినేవారు.

టీచరమ్మ మోకాళ్లు ఆ మెట్లతో మాటలు మానేసి చాలాకాలమైంది. ఆవిడ మంచం హాల్లోకి దిగింది, ఆయన మంచం పైనే ఉంది. ఆయన భోజనానికి దిగేవాడు, చెయ్యి కడుక్కుని మళ్లీ తన రేకుల్లోకి ఎక్కేసేవాడు. ఒకే ఇంటి తాళంచెవితో రెండు ఊళ్లలో కాపురం చేస్తున్నట్టుండేది. పిలిస్తే వినపడదు. అందుకని ఆవిడ మెట్ల కడ్డీ పట్టుకుంది. ఆ కడ్డీ ఆయన సొంతంగా వంచి అతికిన ఇనుప గొట్టం, ఒక కొస హాల్లో, ఒక కొస ఆయన కుర్చీ పక్కన. కింద గరిటెతో కొడితే పైన ఆయన అరికాలికి తెలిసేది. ఒక దెబ్బంటే టీ అయింది. రెండంటే ఎవరో వచ్చారు. మూడంటే, నా కత్తెర మళ్లీ ఎత్తుకుపోయావు, దొరికిపోయావు, దిగు. గుడ్డ కత్తిరించే కత్తెరతో రేకు కత్తిరించడం ఆయనకున్న ఒకే ఒక్క దురలవాటు. దానికే ఆ మూడో గుర్తు పుట్టింది.

ఆవిడకి కావలసింది పెద్ద కోరికేమీ కాదు. అదే వీధిలో, మందుల షాపు పక్కన, నేలమట్టంగా ఉన్న రెండు గదుల ఇల్లు. ఇద్దరి కుర్చీలూ ఒకే గదిలో ఉండాలి, టీ తాగుతున్నప్పుడు ఎదురుగా ఆయన ముఖం ఉండాలి. ఆ ఇంటావిడ పాత శిష్యురాలు. ఆదివారం దాకా ఆగుతాను టీచరమ్మా, ఆ తర్వాత ఇంకొకళ్లకి మాటిచ్చేస్తాను, ఏమీ అనుకోకండి అని కబురు చేసింది. ఈ డూప్లెక్సు అమ్ముడైతే గాని ఆ ఇల్లు రాదు.

బ్రోకరు మాత్రం తక్కువ కష్టపడలేదు. దుకాణాలు షట్టరు దించే మధ్యాహ్నం వేళ చూసి మనుషుల్ని తెచ్చేవాడు. వాళ్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయి, సాయంత్రం ఇంకోసారి చూద్దామని వచ్చి, ట్రంపెట్టు విని లిఫ్టు కోసం కూడా ఆగకుండా దిగిపోయేవారు. ఇది ఇలా కాదని టీచరమ్మే భర్త చేత బోర్డు చేయించింది. రేకు అక్షరాలు కత్తిరించి, రంగువేసి, 'ఈ ఇల్లు అమ్మబడును' అని పై బాల్కనీకి కట్టమంది. కట్టానన్నాడు. బోర్డు చూసి ఒక్క పిట్ట కూడా రాలేదు.

శనివారం సాయంత్రం బ్రోకరు ఒక జంటను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లలో మగాయన కారు నడపడం నేర్పే మాస్టరు. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర నర్సు. ఇద్దరికీ మాటల్లేవని గుమ్మంలోనే తెలిసిపోయింది.

"వంటగదికి వెలుతురు చాలదని ఆయనతో చెప్పండి," అంది నర్సు బ్రోకరు వైపు చూసి.

"వండేది నేనే, నాకు చాలుతుందని ఆవిడతో చెప్పండి," అన్నాడు మాస్టరు కిటికీ వైపు చూసి.

బ్రోకరు ఇద్దరి మధ్యా బంతిలా తిరిగాడు. అప్పుడే బయట ట్రంపెట్టు మొదలైంది, బస్సు హారన్ కొట్టింది, పళ్లరసం మిషను అందుకుంది. టీచరమ్మ కళ్లు మూసుకుంది. మందుల షాపు పక్కనున్న రెండు గదులూ ఆ చప్పుడులో కొట్టుకుపోతున్నట్టు అనిపించింది ఆవిడకి. మాస్టరు మాత్రం హాయిగా ఊపిరి తీసుకున్నాడు. రోజంతా హారన్ల మధ్య ఉండే మనిషిని, అవి వినపడకపోతే బండి ఆగిపోయిందేమోనని నిద్రలో ఉలిక్కిపడతానని చెప్పాడు. అదీ బ్రోకరుకే చెప్పాడు.

బ్రోకరుకి ఉత్సాహం ఎక్కువైంది. అన్నీ బాగున్నప్పుడు ఊరుకోవాలి కదా, ఊరుకోడు. బల్లమీది గరిటె తీసుకుని, ఈ మెట్ల కడ్డీ చూడండి, ఎంత గట్టిదో అంటూ టంగ్ టంగ్ టంగ్ మని మూడు దెబ్బలు వేశాడు.

టీచరమ్మ వద్దనేలోపే పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. రేకుల మావయ్య దిగుతున్నాడు. చేతిలో కత్తెర. ముఖంలో, బడిపంతులు ముందు నిలబడ్డ పిల్లవాడి రంగు. వచ్చినవాళ్లెవరో కూడా చూడలేదు.

"సరే, దొరికిపోయాను. అక్షరాలు నేనే మార్చాను," అన్నాడు, చెవిటివాళ్లు మాట్లాడినట్టే వీధికి వినపడేలా.

"ఏ అక్షరాలు?" అంది టీచరమ్మ, పెదవులు తెలిసేలా విడమరిచి.

"బోర్డు మీదవి. 'డు'కి కొమ్ము కత్తిరించాను. 'ను' తీసేసి 'దు' పెట్టాను."

కుట్టు టీచరైనా టీచరే కదా. ఆవిడ మనసులో అక్షరాలు పేర్చుకుని చదువుకుంది. ఈ ఇల్లు అమ్మబడదు.

వీధి మొత్తం రోజూ చదువుతున్న మాటే అది. వీళ్లిద్దరూ పోట్లాడుకుని బోర్డు మీద తేల్చుకుంటున్నారని అనుకున్నారుట అందరూ. టీచరమ్మ కాళ్లకింద చూసుకుంటూ నడిచే మనిషి, తల ఎత్తి చూడలేదు. బ్రోకరు ఇంటి దగ్గరికి వచ్చాడంటే కొనేవాళ్ల ముఖాలే చూస్తాడు.

"ఎందుకు మావయ్యా ఇంత పని?" అన్నాడు బ్రోకరు నీరసంగా.

మావయ్యకి అది వినపడలేదు. ఆయన భార్యతోనే చెప్పాడు.

"ఆ కింద ఇంట్లో మెట్లుండవు. మెట్లు లేకపోతే కడ్డీ ఉండదు. నీ గొంతు నాకు ఎలాగూ రాదు. ఈ గొట్టంలోనే కదా నువ్వు నాకు వినపడేది."

టీచరమ్మ లేచి, ఒక్కో అడుగే వేసుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లి, వేళ్లు మడిచి భుజం మీద ఒక దెబ్బ వేసింది.

"ఇది టీ," అంది. ఇంకో రెండు వేసింది. "ఇది ఎవరో వచ్చారని. అక్కడ చెయ్యి చాస్తే అందుతావు. గొట్టం ఎందుకు మన మధ్య?"

ఆయన ఆ భుజాన్ని కాసేపు చేత్తో పట్టుకుని చూసుకున్నాడు, కొత్తగా మొలిచినట్టు. తర్వాత కత్తెర ఆవిడ చేతిలో పెట్టాడు.

అమ్మకం చెడిందని బ్రోకరు చెప్పులు వెతుక్కుంటున్నాడు. నర్సు కదల్లేదు.

"రోజూ బస్సులోంచి ఆ బోర్డు చూస్తున్నాను, అది చదివే వచ్చాను," అంది. "అమ్మం అని రేకు మీద రాసి మరీ కట్టుకున్నారంటే అది ఎంత మంచి ఇల్లయి ఉండాలి! ఈయన్ని నెల నుంచీ పోరుతున్నాను. మాటలు మానేసింది కూడా అందుకే."

గుమ్మంలో 'ఆయన' అన్న మనిషి ఇప్పుడు 'ఈయన' అనేసింది. మాస్టరు పట్టించుకోనట్టు మెట్ల దగ్గరికి వెళ్లి, గరిటె అందుకుని, కడ్డీ మీద నెమ్మదిగా ఒక్క దెబ్బ వేశాడు.

"దీనికి అర్థం ఏమని పెట్టుకుందాం?" అన్నాడు. బ్రోకరు వైపు కాదు, భార్య వైపు చూసి.

"తప్పు నాదే అని," అంది ఆవిడ. "ఎక్కువగా మీరే కొట్టాల్సి వస్తుంది."

కడ్డీ ఇంటితోపాటే ఇవ్వాలని షరతు పెట్టి, అక్కడికక్కడే ఖాయం చేసుకున్నారు. టీచరమ్మ ఆ సాయంత్రమే పాత శిష్యురాలికి ఫోను చేసింది.

ఇక్కడ నేను మొదట్లో అన్న మాట కొంచెం సవరించాలి. బ్రోకరు అంతకుముందు అమ్మిన వస్తువు ఒక్కటే, తన పాత స్కూటరు. కొన్నది బావమరిది, ఇప్పటికీ ఎదురుపడితే రోడ్డు దాటిపోతాడు. పైకప్పు కారే ఇల్లూ, తలుపు లేని ఇల్లూ రెండూ ఒకటే, అది ఎవరూ కొనక అందులో ఆయనే కాపురముంటున్నాడు. ఈ డూప్లెక్సు కూడా ఆయన అమ్మింది కాదు, అమ్మబడింది. అయినా ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా జేబులో గరిటెతో వెళుతున్నాడు.

మందుల షాపు ముందునుంచి వెళ్తే టీచరమ్మా మావయ్యా కనపడతారు. కుర్చీలు పక్కపక్కనే. ఆవిడ మాట్లాడుతూ ఆయన భుజం మీద కొడుతూనే ఉంటుంది, ఆయన తలాడిస్తూనే ఉంటాడు. ఇప్పుడు గుర్తులు చాలా పెరిగాయట, మాకెవరికీ అర్థం కావు. కత్తెర మాత్రం ఆవిడ నడుముకి కట్టుకుని తిరుగుతోంది.

ఈ కథ చెప్పినప్పుడల్లా, బోర్డు సంగతి నువ్వు కల్పించావు తాతా అంటారు పిల్లలు. కాదు, బోర్డు నిజం. కావలిస్తే ఆ రేకు 'దు' ఇప్పుడు వాళ్ల గుమ్మం దగ్గర తాళంచెవులు తగిలించుకునే కొక్కెమై ఉంది, వెళ్లి చూసుకోండి. నేను కల్పించింది కాకిని. ఈల వేసి బస్సులు పంపించేసింది కాకి కాదు. స్టాపులో ఊరికే కూర్చోవడం తోచని ఒక ముసలాడు. ఎవరని అడక్కండి, వాడికి ఈల ఇంకా బాగానే వస్తుంది.