కోర్టుకెళ్లిన మంకీ క్యాపు

నేను ఒక మంకీ క్యాపును. ముదురు గోధుమరంగు ఉన్ని, నడినెత్తిన ఒక కుచ్చు. పుట్టింది ఉత్తరాది మిల్లులో, అమ్ముడుపోయింది ఒంగోలు ఫుట్‌పాత్ మీద. నన్ను పెట్టుకుంటే ఎంత అందగాడైనా కోతిలా కనబడతాడు కాబట్టి నా గురించి నాకు పెద్ద భ్రమలు లేవు.

నన్ను కొన్నది అంకమ్మ, భర్త మాలకొండయ్య కోసం. ఆయన తాపీ మేస్త్రి. పని నుంచి వస్తుంటే వెనక నుంచి ఒక వ్యాను గుద్దింది. మెదడు వాచిందని డాక్టర్లు పుర్రెలో ఒక ముక్క తీసి భద్రపరిచారు, వాపు తగ్గాక మళ్లీ పెడతామన్నారు. అక్కడ దెబ్బ తగలకుండా చూసుకోమంటే అంకమ్మ నన్ను తెచ్చింది. "గాలి దూరకూడదు" అంది. గులకరాయిని కూడా ఆపలేని నేను ఆ తలకు కాపలాదారునయ్యాను.

మాలకొండయ్య నడిచేవాడు, తినేవాడు. సొంత మాట మాత్రం ఒక్కటీ లేదు. నేర్పింది అప్పజెప్పేవాడు, అంతే. మాట నేర్పే వైద్యం చాలాకాలం చేయిస్తే మెరుగవుతాడన్నారు. అది సాగాలంటే నష్టపరిహారం కేసు నిలబడాలి. ఉచిత న్యాయ సహాయం కింద రెహానా అనే లాయరు దొరికింది.

వాయిదా రోజున అంకమ్మ ఆయనకు గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, నన్ను కూడా ఉతికి పెట్టింది. అప్పటికే వారం నుంచి ఆయన చేత వల్లె వేయిస్తోంది: పేరు, తండ్రి పేరు, ఊరు, కూతురి పేరు.

"నాన్నకి బాగలేదని కదమ్మా కేసు? బాగున్నట్టు చూపిస్తే ఎట్టా?" అంది కూతురు సుభాషిణి.

"నోర్ముయ్యే. నలుగురిలో మీ నాన్నని పిచ్చోడనిపించమంటావా?"

కోర్టు హాల్లో వ్యాను తరఫు బీమా కంపెనీ లాయరు మమ్మల్ని చూసి నవ్వాడు. "పెళ్లికొడుకులా ఉన్నాడు సార్. టోపీ కూడా ఫ్యాషన్‌కే అనుకుంటా." నన్ను ఫ్యాషన్ అన్నవాడు ఆయనొక్కడే. సిగ్గులేకుండా కుచ్చు నిలబెట్టాను.

"నీ పేరు?" అని మాలకొండయ్యని అడిగాడు.

"మాలకొండయ్య."

"తండ్రి పేరు?"

"చినకోటయ్య."

"చూశారా సార్, ఏ లోపమూ లేదు."

అంకమ్మ ముఖం వెలిగింది. రెహానా ముఖం మాడింది. ఆమె లేచి, "అన్నా, మీ అమ్మాయి పేరేంటి?" అంది.

"రాళ్ళపల్లె."

"ఏం పని చేసేవాడివి?"

"సుభాషిణి."

"ఇది ఏ నెల?"

"మాలకొండయ్య."

ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు నన్ను తీయమన్నారు. రెహానా మెల్లగా తీసింది. కింద గుంట, ఆ గుంటలో చర్మం నాడిలా కొట్టుకుంటోంది. ఇన్నాళ్లూ నేను కాపాడుతున్నాననుకున్నాను. దాస్తున్నానన్నమాట.

తీర్పు వచ్చేదాకా ఆగకుండా వైద్యం ఖర్చు బీమా కంపెనీయే పెట్టాలన్నారు జడ్జిగారు.

"నేనేమన్నా చెడగొట్టానా మేడం?" అంది అంకమ్మ వరండాలో.

"నువ్వు నేర్పిన వరసే అప్పజెప్పాడు, దాంతోనే బయటపడింది అక్కా" అంది రెహానా.

వైద్యం మొదలైంది. కొన్ని నెలలకు పుర్రె ముక్క కూడా మళ్లీ పెట్టారు. నా పని అయిపోయింది కానీ అంకమ్మ వదల్లేదు. ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర కూర్చున్న మాలకొండయ్య నన్ను పట్టి లాగాడు.

"ఏందే ఇది... ఒకటే దురద. అవతల పారెయ్."

ఇది ఎవరూ నేర్పింది కాదు. అంకమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "ఏందయ్యా? మళ్లా చెప్పు."

"దురదంటే! చెవుడా నీకు?"

ఆమె ఏడుస్తూ నవ్వుతూ సుభాషిణిని కేక వేసింది. మాలకొండయ్య నన్ను వాకిట్లోకి విసిరాడు. సొంతంగా అన్న మొదటి మాటే నా మీద తిట్టు, అయినా ఇంత గొప్ప మాట నాకెక్కడ దక్కుతుంది? కోడి వచ్చి కుచ్చు పొడుస్తోంది. నన్ను ఎవరూ తీయడం లేదు. లోపల ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు.