ఖాళీ ట్రక్కు

పొద్దున్నే ట్రాక్టర్‌కి నీళ్ళు పోసి, వెనక ట్రక్కు తగిలించి, దాని టైర్లు రెండింటినీ కాలితో తన్ని చూసుకోవడం వీరబాబుకి అలవాటు. పర్చూరు చుట్టుపక్కల బాడుగ తోలే ట్రక్కుల్లో అతనిదే పెద్దది. తొంభై ఎనిమిదిలో ఆ టైర్లు అతని ప్రాణం తోడేశాయి. మిరప బస్తాలు గుంటూరు యార్డుకి తోలుతుంటే దారిలో ఎక్కడో ఒకచోట పేలేవి. పక్కకి ఒక్కటి చాలదు, రెండేసి వేయించమని లోకమంతా చెప్పింది. వేయిస్తే జంట టైర్ల మధ్య నల్లరేగడి మట్టి ఇరుక్కుంటుంది, గడ్డపలుగు పెట్టి పొడవాలి. రాయి ఇరుక్కుంటే రెండూ చీలతాయి. ఎటూ తేల్చుకోలేక మనిషి నలిగిపోయాడు.

అసలు వీరబాబు వాళ్ళ ఊళ్ళో బరువు సంగతే వేరు. దిగులు పడ్డ మనిషి అక్కడ బరువెక్కుతాడు. పదో తరగతి ఫలితాలప్పుడు పిల్లల్ని నులక మంచాల మీద కూర్చోనివ్వరు. మొగుడు పోయిన కొత్తలో అంకమ్మ ఎక్కితే ఆటో ముందుచక్రం గాల్లోకి లేచింది. “కాస్త ముందుకి జరుగమ్మా,” అన్నాడు ఆటోవాడు, అంతే. వానొస్తే గొడుగు వెతుక్కున్నట్టు, దిగులొస్తే గట్టి అరుగు చూసుకుని కూర్చుంటారు.

ఊరందరిలోకీ తేలికైనవాడు చెంచురామయ్య. ఆయనున్న చోట నవ్వులే. పచ్చపురుగు పత్తిచేనంతా నాకేస్తే, “దానికీ పిల్లాజెల్లా ఉంటారు కదరా,” అన్న మనిషి. చేను పీకించేసి, ఆఖరి తీత పత్తి, అదీ సగం పురుగు తిన్న గుడ్డిపత్తి, గోనె బోరేల్లో కుక్కి వీరబాబు ట్రక్కులో పర్చూరు తెచ్చాడు. అది అమ్మాక ఇద్దరూ నాగూర్ వలి టైర్ల కొట్టు దగ్గర ఆగారు.

“ఇంకా ఆలోచనేంది అన్నా?” అన్నాడు వలి. “పక్కకి రెండుంటే, ఒకటి పేలినా రెండోది మోస్తది. పేలిన సంగతే నీకు తెలవదు. ఇంటికెళ్ళి చూసుకుంటావు.”

“ఏమంటావు బాబాయ్?”

“వేయించరా. జతెడ్లు లాగే బండికి ఒంటెద్దుని కట్టి ఎన్నాళ్ళు అదిలిస్తావు?” అన్నాడు చెంచురామయ్య.

వీరబాబు సరే అనేశాడు. జంట టైర్లకి కావలసిన చక్రాల డిస్కులు రేపు తెప్పిస్తానన్నాడు వలి. ఈలోగా చెంచురామయ్య బజార్లోకి వెళ్ళి, తువ్వాల్లో ఏదో చుట్టుకొచ్చి, ఖాళీ ట్రక్కులో కూర్చున్నాడు.

కాలవ తూము దాటగానే ఢామ్మంది. దిగి చూసిన వీరబాబు అదిరిపడ్డాడు. పేలింది ఒకటే గాని, అటుపక్క టైరు కూడా నేలకి అణిగిపోయి ఉంది. ఇరుసు వంగింది. నిండా మిరప బస్తాలు వేసినా వంగని ఇరుసు! ట్రక్కులో చూస్తే బస్తా లేదు, గడ్డిపరక లేదు. ఉన్నది చెంచురామయ్య ఒక్కడే.

“పోయిందా? గాలి కూడా మన ఊరు రానంటోందిరా,” అని నవ్వాడాయన.

వీరబాబుకి నవ్వు రాలేదు. “దిగు బాబాయ్,” అన్నాడు.

దిగాడు. ట్రక్కు జానెడు పైకి లేచింది. తారురోడ్డులో ఆయన కాళ్ళు చీలమండల దాకా దిగబడ్డాయి. తూలినప్పుడు తువ్వాలు జారి, అందులోంచి పురుగుమందు డబ్బా రోడ్డు మీద దొర్లింది.

వీరబాబు దాన్ని కాలితో అడ్డుకున్నాడు. పొద్దుట్నుంచీ ఈ మనిషి మాటలకే పగలబడి నవ్వాడు. ఊరంతా నవ్వింది. బరువు సంగతి పుట్టినప్పట్నుంచీ ఎరిగిన ఊరు! అయినా ఈమధ్య చెంచురామయ్య మంచం ఎక్కకుండా కటిక నేల మీదే ఎందుకు కూర్చుంటున్నాడని ఒక్కళ్ళూ అడగలేదు. నవ్వేవాడికి దిగులేమిటని ఊరుకున్నారు, సిగ్గులేని జనం.

“చేను పీకించేశావు కదా బాబాయ్.” అన్నాడు వీరబాబు. “ఇంక మందెవరికి?”

దానికీ ఒక నవ్వులాట మాట వెతుక్కున్నాడు చెంచురామయ్య. దొరకలేదు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచి బావురుమన్నాడు.

“మీ పిన్నికి చెప్పమాకరా.”

“నేను చెప్పను. నువ్వే చెబుతావు. ముందు నాకు చెప్పు.”

డబ్బా తీసి ట్రాక్టర్ సామాన్ల పెట్టెలో పడేసి తాళం వేశాడు. అటు సైకిలు మీద పోయేవాడితో వలికి కబురంపి, వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు. చెంచురామయ్య చెప్పాడు. చేను గురించీ, పురుగు గురించీ, పెళ్ళాం ముందు కూడా నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టడం గురించీ. చెప్పేకొద్దీ ఆయన కాళ్ళు తారులోంచి కాస్త కాస్త బయటికొచ్చాయి. పూర్తిగా రాలేదు. ఒక్క సాయంత్రంతో వచ్చేవి కావవి.

వలి మోపెడ్ మీద జాకీ వేసుకుని వచ్చి, వంగిన ఇరుసు చూసి ముక్కున వేలేసుకున్నాడు.

“నేను ఎప్పట్నుంచి చెబుతున్నా అన్నా? పక్కకి రెండుంటే ఈపాటికి పెద్దాయన్ని ఇంటికాడ దింపేసి ఉండేవాడివి.”

“అవును, దింపేసేవాణ్ణి,” అన్నాడు వీరబాబు. అంటూనే తాళం వేసిన సామాన్ల పెట్టె వైపు చూశాడు. చెంచురామయ్య చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“రేపు ఆ డిస్కులు తేవద్దు వలీ. సింగిలే వెయ్యి.”